కలమెత్తవలసిన చోటు

విద్యార్థులారా! ఈ పాఠము ఒక గీతను గూర్చినది. ఆ గీత ఉండకూడని చోట ఉండుటచేత, మన పదవ తరగతి బాలిక యొకతె తాను సరిగా వేసిన పటమును రబ్బరుతో తుడిచివేసినది. ఆమె యట్లు చేయుటకు నేనును కొంత కారకుడను. కావున మీతోపాటు మీ తల్లిదండ్రులును దీనిని చదువవలెనని కోరుచున్నాను. లెక్కలన్న జంకువారు నడుమ నున్న అంకెలను విడిచి చదివినను కథ తెలియును. కాని విడువకుండుటయే మేలు.

నేను ప్రధానముగా తెలుగు చెప్పువాడను. సరిహద్దున కావల ఆంధ్రప్రదేశములో ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు గణితబోధన నా రెండవ విషయముగా నుండెను. ఈ హొసూరు ప్రాంతమునకు వచ్చిన పిమ్మట, గణితోపాధ్యాయుని స్థానము ఖాళీగా నున్న యొక యేడు పదవ తరగతి లెక్కలు నా పాలబడినవి. ఆ తరగతిలో వ్యుత్క్రమ ప్రమేయము అను విషయము వచ్చును. ప్రమేయమనగా, మన మొక సంఖ్యను ఇచ్చినచో ఒక నియమము చొప్పున మరియొక సంఖ్యను తిరిగి యిచ్చునది. ఇచ్చిన సంఖ్యతో ఒకటిని భాగించి యిచ్చునది వ్యుత్క్రమ ప్రమేయము. దీనిని వై = 1/ఎక్స్ అని వ్రాయుదుము. 2 ఇచ్చిన 0.5 వచ్చును, 10 ఇచ్చిన 0.1 వచ్చును, 0.1 ఇచ్చిన 10 వచ్చును. ఇచ్చునది సున్నకు దగ్గరైన కొలది వచ్చునది పెద్దదగును. ఋణసంఖ్య నిచ్చినచో ఋణసంఖ్యయే వచ్చును. సున్న నిచ్చినచో మాత్రము ఏమియు రాదు. ఏలయన సున్నతో గుణించినపుడు ఒకటి కాగల సంఖ్య యేదియు లేదు.

గళ్ళ కాగితముపై దీని పటము వేసిన రెండు కొమ్మలుగా వచ్చును. ఒకటి కుడివైపున పైభాగములో, మరియొకటి ఎడమవైపున క్రిందిభాగములో. ఎడమ కొమ్మ సున్నను సమీపించునపుడు పాతాళమునకు జారును. కుడి కొమ్మ ఆకాశమునుండి దిగును. ఈ రెంటికిని కలయిక లేదు. చేతితో వేయువాడు ఎడమ కొమ్మ ముగియగానే పెన్సిలు ఎత్తి, కుడివైపున మరల మొదలిడును. ఈ ఎత్తుటయే మన పాఠము.

ఆ యేడు పిల్లలును నేనును కలిసి ల్యాప్‌టాపులో పటములు వేయు చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాసికొంటిమి. పైథాన్ అను ప్రోగ్రాము భాషలో 'టర్టిల్', అనగా తాబేలు, అను సాధనము కలదు. ఈ తాబేలు నేటిది కాదు. సీమర్ పాపర్ట్ మొదలగువారు 1967లో బాలుర కొరకు కల్పించిన లోగో అను భాష నుండి వచ్చినది. తెరపై తాబేలు కలము పట్టుకొని నడచును. కలము దించి నడచిన గీత పడును, ఎత్తి నడచిన పడదు. దానికి మనమిచ్చు ముఖ్యమైన ఆజ్ఞలు మూడే: కలమెత్తు, కలము దించు, ఫలాని బిందువునకు పొమ్ము.

పైథాన్ మూడవ రూపము 2008లో వెలువడినప్పటినుండి, మనము కల్పించుకొను పేర్లను తెలుగు లిపిలో కూడ వ్రాయవచ్చును. భాషకు స్వంతమైన కొన్ని మాటలు ఆంగ్లములోనే యుండును గాని, మేము చేసిన ఆజ్ఞలకు 'కలమెత్తు', 'కలముదించు' అని పేరులు పెట్టితిమి. అవి చక్కగా పనిచేసినవి. యంత్రమునకు తెలుగు రాదని తలచు తల్లిదండ్రులకు ఈ మాట చెప్పుట అవసరమని తోచి వ్రాసితిని. యంత్రమునకు ఏ భాషయు రాదు; మనము పెట్టిన పేరు ఏ లిపిలో నున్నను దానికి ఒక గుర్తు మాత్రమే.

మా ప్రోగ్రాము చేయు పని యింతే. ఎక్స్ అక్షముపై సమానమైన దూరములలో కొన్ని సంఖ్యలను తీసికొనును. ఒక్కొక్కదానికి వై విలువ కట్టును. ఆ బిందువునుండి తరువాతి బిందువునకు తాబేలును కలము దించి నడపును. సరళరేఖలకు, వర్గ ప్రమేయమునకు ఇది చాల బాగుగా నుండెను. పిమ్మట 1/ఎక్స్ ఇచ్చితిమి. ఎక్స్ −1 నుండి 1 వరకు, పదవ భాగము చొప్పున. సున్న వద్దకు రాగానే ప్రోగ్రాము 'సున్నతో భాగించుట' అను దోషమును చూపి ఆగిపోయెను. అప్పుడు నేనొక తెలివి చేసితిని. మొదటి బిందువును అర అంగ జరిపి −0.95 నుండి మొదలుపెట్టుమంటిని. అట్లయిన వరుసలో −0.05 తరువాత 0.05 వచ్చును గాని సున్న తగులదు. దోషము పోయెను, పటము పడెను, పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆ సంతోషములో పటమును నిదానించి చూచువారు లేకపోయిరి.

ఆ బాలిక పుస్తకములో అప్పటికే రెండు కొమ్మలును విడివిడిగా వేసియున్నది. తెరపై నున్న పటములో మాత్రము క్రిందినుండి మీదికి నిట్టనిలువు గీత యొకటి రెండు కొమ్మలను కలిపినది. ఆమె నా బల్ల యొద్దకు వచ్చి, "సార్, నాది వేరుగా వచ్చినది" అనెను. నేను మరియొకరి పుస్తకము దిద్దుచుంటిని. తలయెత్తకయే, "తెరతో పోల్చి సరిచేసికొనుము" అంటిని. ఆమె సరిచేసికొన్నది. నేను తరువాత దానికి టిక్కు కూడ పెట్టితిని. ఆ రాత్రి ఇంటియొద్ద పుస్తకములు తిరుగవేయునపుడు చూడగా, పటము క్రింద ఆమె చక్కని వ్రాతలో ఇట్లు వ్రాసియున్నది: 'ఒకటిని సున్నతో భాగించిన సున్న వచ్చును. పటము మూలబిందువు గుండా పోవుచున్నది గనుక.'

ఈ వాక్యములో తర్కదోషము లేదని మీరు గమనింపవలెను. తెరపై నున్నదానిని నిజమని నమ్మినచో ఆమె చెప్పినదే సరి. −0.05 నకు వై విలువ −20. 0.05 నకు 20. ఆ రెండు బిందువులను కలిపిన సరళరేఖ సరిగా మూలబిందువు మీదుగానే పోవును. నేను జరిపిన అర అంగ సున్నను తప్పించలేదు. సున్నకు అబద్ధపు విలువ నొకదానిని కట్టబెట్టినది. అంతకుముందు ప్రోగ్రాము దోషము చూపి ఆగినపుడు అది సత్యమే చెప్పుచుండెను. నేనే దాని నోరు మూసితిని.

ఆ బాలిక సిగ్గుపడవలసిన పని లేదని మరునాడు తరగతిలో చెప్పితిని. సున్నతో భాగించుట విషయములో మహాపండితులే తడబడిరి. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములో సున్నను సున్నతో భాగించిన సున్న యనెను. తొమ్మిదవ శతాబ్దిలో కన్నడదేశమునందు గణితసారసంగ్రహమును రచించిన మహావీరుడు, సున్నతో భాగించిన సంఖ్య మారదనెను. మన పావులూరి మల్లన తెనుగు చేసినది ఈ మహావీరుని గ్రంథమునే. పన్నెండవ శతాబ్దిలో రెండవ భాస్కరుడు అట్టి రాశికి 'ఖహరము' అని పేరిడి, అది అనంతమనెను. ఖమనగా సున్న, హరమనగా భాగించునది. సున్నను సమీపించుకొలది విలువ ఎల్ల మీరి పెరుగునను భావము అందులో కలదు. నేటి గణితము సున్న వద్ద ఆ ప్రమేయమునకు విలువయే లేదని చెప్పి, దగ్గరకు పోవునపుడు ఏమగుచున్నదో వేరుగా విచారించును. ఆ విచారమునకు అవధి యని పేరు. మీరు దానిని పై తరగతులలో చదివెదరు.

తరువాత నేనడిగిన ప్రశ్న యొక్కటే. "తాబేలునకు ఎన్ని బిందువులు తెలియును?" లెక్కించి యిరువది యనిరి. "ఆ యిరువదింటికి నడుమ?" ఏమియు తెలియదనిరి. వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "సార్, అది అన్నిచోట్ల సంధి చేయుచున్నది. ఇక్కడ సంధి కలుగదు" అనెను. తెలుగు పండితుని తరగతిలో గణితము చెప్పిన వచ్చు లాభమిది! ఇత్తు మీద సంధి చేయవచ్చునా, చేయరాదా యని పదము నెరిగి నిర్ణయించుకొందుము గాని, రెండచ్చులు కనబడగానే కలిపివేయము. తాబేలు పదము నెరుగదు. ప్రక్క ప్రక్క నున్నవాటిని కలుపుట యొకటే దానికి తెలిసినది.

మరి కలమెత్తవలసిన చోటును తాబేలునకు ఎట్లు తెలుపుట? పిల్లలు మొదట చెప్పిన ఉపాయము అందరికిని తోచునదే: రెండు బిందువుల వై విలువల నడుమ భేదము 10కి మించినచో కలమెత్తుము. 1/ఎక్స్ లో సున్న వద్ద కలమెత్తుటకు ఇది సరిపోయెను. −20 నుండి 20కి భేదము 40 గదా. కాని వై = 200 ఎక్స్ అను సరళరేఖ నిచ్చిచూచితిమి. అంగ అంగకు భేదము 20. తాబేలు ప్రతిచోటను కలమెత్తినది. తెర ఖాళీగా నుండెను. ఏ తెగుదలయు లేని రేఖ యది! దానికి విరుద్ధముగా, భేదము తక్కువగా నుండియు నిజముగా తెగిన పటములు కలవు. మీ వయస్సును చూడుడు. పుట్టినదినము ముందురోజు వరకు 14 అని చెప్పుదురు, మరునాడు 15. నిండిన యేండ్లనే చెప్పు ఈ లెక్క మెట్ల ప్రమేయము. మెట్టు ఎత్తు ఒకటే, కాని పదునాలుగునకును పదునైదునకును నడుమ నున్న ఏ విలువయు అందు లేదు. 10 అను హద్దు పెట్టుకొన్న తాబేలు ఈ మెట్లను గుర్తింపజాలక, ఒక్కొక్క మెట్టునుండి మరియొకదానికి ఏటవాలు గీత వేయును. ఆ గీతను నమ్మినచో ఎవడో యొకడు ఒకనాడు పదునాలుగున్నర నిండిన యేండ్లవాడు కావలెను.

కావున భేదము ఎంత యని అడుగుట చాలదు. నడుమకు పోయి చూచిన భేదము ఏమగుచున్నదని అడుగవలెను. ఇది మా తరగతిలో రెండు దినములు పట్టినది గాని, నాకు మిక్కిలి నచ్చిన భాగమిదియే. రెండు బిందువుల నడుమ సరిగా మధ్యనున్న సంఖ్యను తీసికొని విలువ కట్టుడు. ఇప్పుడు రెండు సగములు వచ్చును. ఏ సగములో భేదము ఎక్కువయో దానిని మరల సగము చేయుడు. ఇట్లు చేయుచు పొండు.

200 ఎక్స్ నకు అంగ 0.1 అయినపుడు భేదము 20, సగము చేయగా 10, మరల 5, తరువాత 2.5. తరిగిపోవుచున్నది. తాబేలు కలము దించి నడువవచ్చును. మెట్ల ప్రమేయములో 1.9 నుండి 2.1 వరకు చూడుడు. 1.9 నకు విలువ 1, 2.1 నకు 2, భేదము 1. మధ్యనున్న 2 నకు విలువ 2. కావున భేదమంతయు 1.9 నుండి 2 వరకు గల సగములోనే యున్నది. దానిని సగము చేసిన 1.95 నకు విలువ 1. భేదము మరల 1. ఎన్నిమారులు చేసినను ఒకటే. తరుగదు, పెరుగదు. ఇక 1/ఎక్స్ లో −0.05 నుండి 0.07 వరకు తీసికొనుడు. విలువలు −20, 14.3, భేదము 34.3. మధ్యసంఖ్య 0.01, విలువ 100. భేదము 120 అయ్యెను. ఎడమ సగమునకు మధ్యసంఖ్య −0.02, విలువ −50. ఇప్పుడు భేదము 150. తరువాత −0.005, విలువ −200; భేదము 300. తరువాత 600. సగము చేసిన కొలది పెరుగుచున్నది! ఈ మూడు తీరులను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసినపుడు, లెక్కలలో వెనుకబడిన పిల్లలు కూడ ఏది అతుకునో ఏది అతుకదో నాకంటె ముందే చెప్పిరి.

ఈ ఉపాయమునకును హద్దు లేకపోలేదు. యంత్రము సంఖ్యలను రమారమి 16 దశాంకముల వరకే పట్టియుంచును. మన మూడవ భాగమును దశాంశములలో వ్రాసిన 0.333 అని అంతములేక సాగునట్లే, యంత్రము వాడు ద్విసంఖ్యామానములో పదవ భాగము అంతములేక సాగును. అందుచే 0.1 అని మనము చెప్పినది దానికి సరిగా 0.1 కాదు. మీలో ఒకడు మొదటి ప్రోగ్రామును మార్చి, −1 తో మొదలిడి 0.1 ని పదిమారులు కూడుచు పోయెను. సున్న రావలెను గదా! రాలేదు. దశాంశబిందువు తరువాత పదునైదు సున్నలు దాటిన పిమ్మట 1387 అని మొదలగు ఋణసంఖ్య వచ్చెను. దానితో ఒకటిని భాగింపగా వచ్చినది రమారమి −7,200 లక్షల కోట్లు. దోషము చూపకయే తాబేలు అంత లోతునకు దిగి, అక్కడినుండి తిరిగి 0.1 వద్ద నున్న బిందువునకు ఎక్కెను. ఫలితముగా అబద్ధపు గీత ఈమారు సున్న వద్దగాక 0.1 వద్ద కనబడెను. అదే ప్రమేయము, అదే యంత్రము; నడక మారినంతనే అబద్ధము స్థలము మార్చినది. కూడుచు పోవుటకు బదులు −10, −9, −8 అను పూర్ణాంకములను తీసికొని పదితో భాగించినచో, సున్న సరిగా సున్నగా వచ్చి దోషము బయటపడును.

ఇంకొక తెగుదల కలదు, అది దొంగవంటిది. (ఎక్స్ వర్గము − 1) ని (ఎక్స్ − 1) తో భాగించుడు. లవమును కారణాంకములుగా విడదీసి కొట్టివేసిన ఎక్స్ + 1 మిగులును, అనగా సరళరేఖ. కాని ఎక్స్ 1 అయినపుడు మొదటి రూపములో సున్నను సున్నతో భాగింపవలెను గనుక విలువ లేదు. రేఖపై (1, 2) అను ఒక్క బిందువు మాత్రము లేదు. సగము చేయు ఉపాయము ఇక్కడ పనికిరాదు, భేదములు చక్కగా తరుగును. తాబేలు 1 పై అడుగు వేయకున్న రంధ్రము మాయమగును. వేసిన ప్రోగ్రాము ఆగును. ఆగకుండ కలమెత్తుమని చెప్పితిమా, 0.9 నుండి 1.1 వరకు గీతయే యుండదు. లేనిది ఒక్క బిందువు, పోయినది రెండంగల గీత. ఇట్టిచోట చేతితో చేయు పద్ధతియే శరణ్యము: రేఖను పూర్తిగా వేసి (1, 2) వద్ద చిన్న బోలు వలయము నుంచవలెను. మెట్ల ప్రమేయములో కూడ మెట్టునకు ఎడమకొన వద్ద నిండు చుక్కను, కుడికొన వద్ద బోలు వలయమును ఉంచుట ఆచారము.

అందుచే ఇప్పుడు మా ప్రోగ్రాములో మొదటి వరుస యంత్రమునకు కాక మనుష్యునకు ఉద్దేశింపబడినది. పటము కోరువాడు ముందుగా హరమును సున్నకు సమానము చేసి, ఏ సంఖ్యల వద్ద ప్రమేయము తెగునో కాగితముపై కనుగొని, ఆ పట్టికను ఇయ్యవలెను. తాబేలు ఆ సంఖ్యల వద్ద కలమెత్తును. సగము చేయు పరీక్షను కాపలాకు మాత్రము ఉంచితిమి. పట్టికలో మరచిన తావు కనబడినచో అది అడుగును. పిల్లలలో కొందరికి ఇది నచ్చలేదు. పని యంతయు మనమే చేసినచో యంత్రమెందుకని వాదించిరి. వారి వాదము పూర్తిగా తప్పని నేననజాలను. వందలకొలది బిందువులు గుర్తించు శ్రమ తీరినది గదా యనుట తప్ప వేరు సమాధానము నాయొద్ద లేదు.

ఆ వారము చివర బాలిక తండ్రి పాఠశాలకు వచ్చెను. గులాబితోట పెట్టుకొన్న రైతు. పుస్తకములో టిక్కు పెట్టి, మరల కొట్టివేసి, క్రింద 'ఈ తప్పు నాది' అని నేను వ్రాసినది చూచి వచ్చినాడు. "అయ్యవారూ, మిషను వేసిందే తప్పంటే పిల్ల దేన్ని నమ్మాల?" అని అడిగెను. నేను ఇరువది బిందువులను చూపి, నడుమ నున్నది తాబేలు ఊహించినదని చెప్పితిని. ఆయన కొంతసేపు చూచి, "సాయంత్రం నీళ్ల తొట్టి నిండుగా ఉండె, పొద్దున చూస్తే నిండుగా ఉండె. నడుమ రాత్రి కారిపోయి మళ్ళా నిండిందో ఏమో, నేను నిద్రలో ఉంటి. అంతే కదయ్యా?" అనెను. అంతే యంటిని. పిమ్మట ఆయన కుమార్తెను పిలిచి, తుడిచివేసిన పటమును తన యెదుట మరల వేయుమనెను. కాగితము అచ్చట పలుచబడి చిరుగుచుండుటచే ఆమె ప్రక్క పుటలో వేసినది.

వచ్చు సంచికకు చేసి పంపవలసినవి: ఒకటిని ఎక్స్ వర్గముతో భాగించు ప్రమేయమును తీసికొని, −0.05, 0.05 అను రెండు బిందువులను మా మొదటి తాబేలు ఎట్లు కలుపునో గీసి చూపుడు. అచ్చట భేదము సున్న యగుటచే ఏ మోసము జరుగునో వ్రాయుడు. ఒకటిని (ఎక్స్ వర్గము − 4) తో భాగించిన తాబేలునకు ఏ పట్టిక నియ్యవలెను? పై తరగతివారు టాంజెంటు ప్రమేయమునకు 0 నుండి 360 డిగ్రీల వరకు కలమెన్నిమారులు ఎత్తవలెనో చెప్పుడు. సమాధానములను చేతితో వేసిన పటములతోనే పంపవలెను.